డ్రమ్ము పక్కన చక్కెర గిన్నె

ఆ ఆదివారం పొద్దున్న అద్దాల మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, మోచేతుల దాకా చేతులు కడుక్కోవడం, డ్రమ్ములో పులిసి సిద్ధంగా ఉన్న బీరుని సీసాల్లోకి పట్టడం, మూతలు బిగించడం, మధ్యాహ్నం ఒళ్ళు తెలియకుండా నిద్రపోవడం. ఇందులో పేలుళ్ళకి ఎక్కడా చోటు లేదు.

మాస్టారని పేరే గానీ ఆయన ఎవరికీ పాఠం చెప్పి ఎరగరు. బజారులో కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదుటి గోడ మీది అక్షరాలు పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా చదివిస్తారు కాబట్టి వీధి వీధంతా ఆ పేరు ఖాయం చేసేసింది. మనిషి మహా జాగ్రత్తపరుడు. ముక్కు మీద ఒక కళ్ళజోడు, అది విరిగితే జేబులో ఇంకోటి, ఆ రెండూ కనిపించకపోతే వాటిని వెతకడానికి సొరుగులో మూడోది. ఆయన దేన్నయినా ఒకటి కొన్నారంటే పక్కన దాని తోబుట్టువు ఉండాల్సిందే.

ఇలాంటి మనిషికి బీరు చెయ్యడం అనే పిచ్చి ఎలా పట్టిందో ఆయన భార్యకే అర్థం కాదు. ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. దవడ పట్టుకుని వచ్చినవాళ్ళకి "ఏం కాదండీ, కూర్చోండి" అని చెప్పీ చెప్పీ ఆవిడ గొంతులో కంగారు అనేది పూర్తిగా ఇంకిపోయింది. ఆవిడా, వాళ్ళతోనే ఉంటున్న ఆవిడ తల్లీ, మాస్టారు ఏ రంగు బీరు పోసినా తాగి "బ్రహ్మాండంగా ఉంది" అంటారు. అనకేం చేస్తారు? ఒకావిడ కట్టుకున్నది, ఇంకొకావిడ కూతుర్నిచ్చింది. మాస్టారి కోరిక వేరు. చుట్టరికం లేని మనిషి ఒక్కడంటే ఒక్కడు, తను చేసిన బీరు ఒక గ్లాసు తాగి, మూతి తుడుచుకుని, "ఇంకోటి పొయ్యండి" అనాలి. అంతే. ఆ మాట కోసం ఆయన మొహం వాచిపోయి ఉన్నారు.

పోయినసారి ఆ మాట అందినట్టే అంది జారిపోయింది. వీధి చివర బార్ నడిపే మీసాలాయనకి ఒక సీసా పట్టుకెళ్ళి ఇచ్చారు. మీసాలాయన ఎవరి బీరునీ మెచ్చుకోడు, తిట్టడు. నచ్చితే గ్లాసు దగ్గర పెట్టుకుంటాడు, నచ్చకపోతే వేలితో పక్కకి జరుపుతాడు. ఆ రోజు ఒక గుక్క తాగి, కాసేపు గోడకేసి చూసి, "రుచి ఉంది మాస్టారూ, ప్రాణం లేదు" అని గ్లాసు జరిపాడు. మాస్టారి మొహం చూశాక ఏమనిపించిందో ఏమో, "ఈసారి చేసినప్పుడు చెప్పండి, నేనే ఇంటికొచ్చి తాగుతాను" అని కూడా అన్నాడు. అందుకని ఈసారి డ్రమ్ము మీద మాస్టారు పరువంతా పెట్టేశారు. ఇది కూడా చప్పబడితే డ్రమ్ము అమ్మేసి, ఇక జన్మలో పులియబెట్టే ఈస్ట్ మొహం చూడకూడదని లోలోపల నిర్ణయించుకున్నారు కూడా.

చేస్తున్నది పేల్ ఏల్ అనే రకం బీరు. లేత బంగారు రంగు, బీరులో వేసే హాప్ పువ్వుల నుంచి వచ్చే నారింజ తొక్క వాసన, నాలుక మీద చిన్న చేదు. ఎండన పడి వచ్చినవాడు తాగితే ప్రాణం లేచొచ్చే రకం. వంటింట్లో స్టూలు మీద డ్రమ్ము పెట్టి, చక్కెర తూచి, నీళ్ళలో మరిగించి, చల్లార్చి, డ్రమ్ములో కలిపి, మాస్టారు ఒళ్ళు విరుచుకున్నారు. తర్వాత అలవాటు కొద్దీ, మొదటిది ఒలికిపోయి ఉంటే ఏం చేసేవాణ్ణి అన్న ఆలోచన వచ్చి, అంతే చక్కెర ఇంకోసారి తూచి గిన్నెలో పోసి డ్రమ్ము పక్కన పెట్టారు. తోబుట్టువన్నమాట.

అత్తగారు గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది. "పులిసింది కదా బాబూ, వడగట్టి తాగేస్తే పోలా? మళ్ళీ ఈ సీసాలెందుకు?"

"ఇది మొదటిసారి పులియడమే అత్తయ్యగారూ. డ్రమ్ములో ఈస్ట్ బార్లీ గింజల్లోని తీపంతా తినేసింది. అప్పుడు పుట్టిన గాలంతా పైకి పోయింది. అందుకే ఇప్పుడు తాగితే చప్పగా ఉంటుంది. కాస్త చక్కెర వేసి సీసాకి మూత బిగించామనుకోండి, మిగిలిన ఈస్ట్ అది తిని మళ్ళీ పులియబెడుతుంది. ఈసారి గాలికి దారి లేదు కదా, బీరులోనే కరిగిపోతుంది. బుడగలు, నురగ, నాలుక చురుక్కుమనడం, అన్నీ ఆ రెండోసారి పులియడంలోనే ఉన్నాయి."

"అయితే చక్కెర ఇంకాస్త ఎక్కువ పడితే ఇంకా బాగుంటుందేమో?"

మాస్టారు జవాబు చెప్పడానికి నోరు తెరిచారు. అప్పుడే ఫోన్ మోగింది. ఒక బస్సు డ్రైవరు తన కళ్ళజోడు మీద తనే కూర్చున్నాడట, మధ్యాహ్నం డ్యూటీ ఉందట. జోడు లేకుండా అతను బస్సు తోలితే ఊరికి ఏమవుతుందో తలుచుకుని మాస్టారు చెప్పుల్లో కాళ్ళు పెట్టారు. "డ్రమ్ము ఎవరూ ముట్టుకోవద్దు" అని గుమ్మం దగ్గర ఒకసారి, మెట్ల దగ్గర ఇంకోసారి చెప్పి వెళ్ళిపోయారు.

ఆయన అటు వెళ్ళగానే ఇల్లాలు స్నానం చేసి వంటింట్లోకి వచ్చింది. డ్రమ్ము పక్కన చక్కెర గిన్నె నిండుగా ఉంది. పోయినసారి బీరులో ప్రాణం ఎందుకు లేదో ఈ ప్రపంచంలో ఆవిడొక్కదానికే తెలుసు. మాస్టారు చక్కెర తూచిపెట్టి, కలపడం మర్చిపోయారు. మర్నాడు ఆ పొట్లం అల్మారాలో దొరికితే ఆవిడ కిక్కురుమనకుండా కాఫీలకి వాడేసింది. ఆయన మాత్రం చలి వల్ల పాడైందని అందరికీ చెప్పుకుని తిరిగారు. ఇప్పుడు మళ్ళీ మర్చిపోయారని చెబితే చిన్నబుచ్చుకుంటారు. ఆవిడ చక్కెర కరిగించి డ్రమ్ములో కలిపేసి, ఎవరో ముట్టుకున్నారని తెలియకుండా డబ్బాలోంచి తీసి గిన్నె మళ్ళీ అంత వరకూ నింపి, తల దువ్వుకోవడానికి వెళ్ళిపోయింది.

తర్వాత అత్తగారి వంతు. అల్లుడి మీద ఆవిడకి వల్లమాలిన అభిమానం. ఆ అభిమానం కొద్దీ డ్రమ్ము కుళాయి తిప్పి ఒక చెంచాడు నోట్లో వేసుకుంది. తీపి తప్ప ఇంకో రుచి ఎరగని నాలుక ఆవిడది. చేదు తగలగానే కళ్ళు మూసుకుపోయాయి. పాపం, ఇంత కష్టపడి ఇది తీసుకెళ్ళి ఆ మీసాలాయన నోట్లో పోస్తాడా, మళ్ళీ ఆ గ్లాసు పక్కకి జరిపించుకుంటాడా అనుకుంది. పక్కనే గిన్నెలో చక్కెర ఉంది. ఆవిడ కరిగించే ఓపిక కూడా లేకుండా అలాగే పోసి, గరిటెతో తిప్పి, డబ్బా తీసి గిన్నె నింపేసింది. కూతురి తల్లి కదా, ఆ జాగ్రత్తలు ఆవిడకీ తెలుసు.

మాస్టారు తిరిగొచ్చేసరికి అత్తగారు ఎదురొచ్చింది. "మీసాలాయన వచ్చి నీకోసం కాసేపు కూర్చున్నాడు బాబూ. మంచినీళ్ళు తాగి వెళ్ళాడు. సీసాలు తయారవగానే కబురు చెయ్యమన్నాడు, వస్తాడట."

మాస్టారి కాళ్ళు నేల మీద నిలవలేదు. వంటింట్లోకి వెళ్ళి డ్రమ్ము చూశారు, గిన్నె చూశారు. ఎక్కడ పెట్టింది అక్కడే, ఎంత పోసింది అంతే. తన మాట మీద ఇంట్లో ఎంత గౌరవముందో చూసి ఆయన మనసు నిండిపోయింది. ఈల వేసుకుంటూ సీసాలన్నీ నింపి, మూతలు బిగించి, వెచ్చగా ఉండాలని హాల్లో కిటికీ పక్కన పెట్టెల్లో వరసగా పేర్చారు.

సాయంత్రం కాఫీ ఒక గుక్క తాగి ఆయన మొహం చిట్లించారు. "ఇందులో చక్కెర లేదేం?"

"తగ్గించమన్నారు డాక్టరుగారు."

"ఏ డాక్టరుగారు?"

"మా పళ్ళ డాక్టరుగారు" అంది ఇల్లాలు. పొద్దున తను తీసింది ఒక్క గిన్నెడే, డబ్బా మొత్తం ఎలా ఖాళీ అయిందో ఆవిడకి అంతుపట్టలేదు. గిన్నెలోది తీస్తే గుట్టు బయటపడుతుందని దాన్ని ముట్టుకోలేదు. తల్లి తీపి పిచ్చి తెలిసిందే కాబట్టి అటు ఒక చూపు చూసి ఊరుకుంది.

"అన్నట్టు అత్తయ్యగారూ, పొద్దున మీరొకటి అడిగారు. చక్కెర ఎక్కువైతే బాగుండదు, సీసా పేలుతుంది. అందుకే గోరంత తేడా రాకుండా తూచి, పొద్దున్నే కలిపేశాను. గిన్నెలో ఉన్నది ఊరికే, జాగ్రత్తకి."

ఆడవాళ్ళిద్దరూ నోరు తెరిచి, మాస్టారి మొహంలో వెలుగు చూసి, మళ్ళీ మూసుకున్నారు. ఒక్క గిన్నెడే కదా, ఏమవుతుందిలే అని ఎవరికి వారు సర్దిచెప్పుకున్నారు. ఆ తర్వాత సీసాలు ఊరినన్నాళ్ళూ ఆ ఇంట్లో ఇద్దరూ కిటికీ పక్కనుంచి పిల్లుల్లా నడిచారు. తలుపు కూడా గట్టిగా వెయ్యలేదు. బీరంటే వీళ్ళకి ఇంత భక్తి ఎప్పుడు కుదిరిందా అని మాస్టారు ముచ్చటపడ్డారు.

మీసాలాయన వస్తానన్న రోజు పొద్దున్న మాస్టారు గడ్డం గీసుకుంటున్నారు. హాల్లోంచి ఠాప్‌మని చప్పుడైంది.

"ఏం కాదండీ, గిన్నె పడి ఉంటుంది" అంది ఇల్లాలు, పన్ను పీకించుకునేవాళ్ళతో మాట్లాడే గొంతుతో.

మళ్ళీ ఠాప్. "పక్కవాళ్ళ తలుపు" అంది అత్తగారు.

మూడోసారి మాస్టారు సగం నురుగు మొహంతో హాల్లోకి పరిగెత్తారు. నేల మీద గాజు పెంకులు, బీరు మడుగు. హాల్లో నారింజ తొక్క వాసన గుప్పుమంటోంది. "నా తూకం తప్పింది" అన్నారు నీరసంగా. ఆయన అలా అంటుంటే తల్లీ కూతుళ్ళు ఇద్దరూ చెరో గోడకేసి చూశారు. రావద్దని కబురు చేద్దామంటే మీసాలాయన ఈపాటికి బయల్దేరే ఉంటాడు. ఆయన కోసమని ముందురోజే ఫ్రిజ్‌లో పెట్టిన సీసా ఒక్కటి చల్లగా, బుద్ధిగా ఉంది. మిగిలినవి ఎలాగోలా కప్పెడితే గండం గడుస్తుందని ఇల్లాలు తేల్చింది.

కళ్ళు పోతే తన దుకాణంలోనే తనకి పనుండదని, మాస్టారు నమూనా ఫ్రేముల పెట్టె తెరిచారు. ఇల్లాలికి ఎర్ర ఫ్రేము, అత్తగారికి మొహమంతా ఆక్రమించే నల్ల కళ్ళద్దాలు, తనకి ఉన్న జోడు మీద ఇంకో జోడు. దుప్పట్లు కప్పారు. లోపలినుంచి చప్పుడైతే దుప్పట్లు ఎగిరాయి. పరుపు తెచ్చి పైన వేశారు. పరుపు కూడా ఉలిక్కిపడింది. "ఆగండి, నేనున్నాను కదా" అని అత్తగారు వెళ్ళి దాని మీద కూర్చుంది. ఆవిడ బరువు గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదని నియమం, ఆ రోజు అందరూ ఆ బరువుని మనసులో మెచ్చుకున్నారు.

అప్పుడే బెల్లు మోగింది. మీసాలాయన తన సొంత గ్లాసు తువ్వాల్లో చుట్టుకుని వచ్చాడు. గుమ్మంలో ఆగి ముగ్గుర్నీ ఎగాదిగా చూశాడు. "ఏంటి మాస్టారూ, దుకాణం ఇంటికి మార్చారా?"

"కొత్త ఫ్రేములండీ. ఇంట్లోవాళ్ళకి నప్పుతాయో లేదో చూస్తున్నాం" అని మాస్టారు నీళ్ళు నమిలారు. "కూర్చోండి."

మీసాలాయన ఎందుకో తలుపుకి దగ్గరగా ఉన్న కుర్చీనే ఎంచుకున్నాడు. "అమ్మగారు కులాసాయేనా?"

"కులాసాయే బాబూ. నడుం పట్టేసింది, లేవలేను" అంది అత్తగారు. అంటుండగానే కింద ఠాప్‌మంది. ఆవిడ జానెడు పైకి లేచి, మళ్ళీ కూర్చుంది.

"ఆ చప్పుడేంటి?"

"పైవాళ్ళు మేకులు కొడుతున్నారు" అన్నారు మాస్టారు.

"మీదే కదా పై అంతస్తు."

"ఏం కాదండీ, మంచినీళ్ళు తీసుకోండి" అని ఇల్లాలు అడ్డం పడింది.

ఇక ఆలస్యం చేస్తే మేకులు ఎక్కువవుతాయని మాస్టారు ఫ్రిజ్‌లోంచి సీసా తెచ్చి, మూతకి ఓపెనర్ తగిలించారు. తగిలించడమే ఆయన పని, మిగతాది సీసాయే చూసుకుంది. మూత ఎటు పోయిందో తెలియదు. తెల్లటి ధార సీలింగుకి కొట్టుకుని, అక్కడ గొడుగులా విచ్చుకుని, సరిగ్గా మీసాలాయన నెత్తిన దిగింది. సీలింగు నుంచి బొట్లు పడుతున్న చప్పుడు ఒక్కటే వినిపించింది. అత్తగారి కింద ఇంకో సీసా పోయింది గానీ ఆవిడ దానికి సాకు వెతకలేదు.

మాస్టారు రెండు కళ్ళజోళ్ళూ తీసి బల్ల మీద పెట్టారు. "డ్రమ్ము అమ్మేస్తానండీ" అన్నారు మెల్లగా. "గిన్నెడు చక్కెర తూచడం రానివాడికి ఈ పని ఎందుకు? పోయినసారి ప్రాణం లేదు, ఈసారి పట్టుకుంటే ఆగట్లేదు. వీళ్ళిద్దరూ మొహమాటానికి బాగుంది బాగుంది అంటుంటే నిజమే అనుకున్నాను. నాకు చేతకాదు."

ఆ మాట ఇల్లాలు తట్టుకోలేకపోయింది. "మీ తూకం తప్పలేదండీ. నేను వేశాను. గిన్నె నిండుగా కనిపిస్తే, పోయినసారిలాగే మర్చిపోయారనుకున్నాను."

"పోయినసారి నేను మర్చిపోయానా?"

"చలి అని మీరు అంటుంటే ఎందుకులే అని ఊరుకున్నాను."

"కానీ నేను వచ్చేసరికి గిన్నె నిండుగానే ఉందే."

"మళ్ళీ నింపిపెట్టాను. తెలిస్తే చిన్నబుచ్చుకుంటారని."

పరుపు మీది నుంచి అత్తగారి గొంతు వచ్చింది. "అయితే నేను వేసింది నువ్వు నింపిందా?" కూతురు గిర్రున తిరిగి చూసింది. అత్తగారు నల్ల కళ్ళద్దాలు తియ్యకుండానే చెప్పింది. "చేదుగా ఉంది బాబూ. ఆ చేదుకి ఆయన గ్లాసు జరిపితే నువ్వు మళ్ళీ అన్నం తినకుండా పడుకుంటావని భయమేసింది. నేనూ గిన్నె నింపే వచ్చాను."

మాస్టారు తల పట్టుకున్నారు. ఎంతైనా కొలతల మనిషి, ఆయన చూపు సీలింగు మీది మరక దగ్గర ఆగింది. మనసులో లెక్క వేశారు, పెదవులు కదిలాయి, మళ్ళీ వేశారు. "మూడు గిన్నెలకి ఇంత ఎత్తు పోదే" అన్నారు.

తలుపు దగ్గర కుర్చీలో ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఆ రోజు నేను వచ్చాను కదండీ" అన్నాడు మీసాలాయన, తువ్వాలు మడతపెడుతూ. "అమ్మగారి వెంట వంటింట్లోకి వచ్చాను, ఆవిడ మంచినీళ్ళకని అటు తిరిగారు. డ్రమ్ము పక్కన గిన్నె అలాగే ఉంది. అయ్యో, కలపడం మర్చిపోయారే అనిపించింది. పోయినసారి ప్రాణం లేదని అన్నాను కదా, మీ మొహం చూశాక ఆ మాట నాకే గుచ్చుకుంది. బార్‌లో ఎంతమందితో ఎన్ని అంటాను, ఏదీ గుర్తుండదు. ఇది ఉండిపోయింది. సరే, వేసేశాను."

"గిన్నె?"

"డబ్బా అడుగున ఉన్నదంతా గీకి నింపానండీ."

ఇల్లాలికి చక్కెర లేని కాఫీ సంగతి అప్పుడు అర్థమైంది. మాస్టారు కోపం తెచ్చుకుందామని చూశారు. ముట్టుకోవద్దని రెండుసార్లు చెప్పిన డ్రమ్ములో ఇంటిల్లిపాదీ చేతులు పెట్టారు, ఇంటివాడు కానివాడు కూడా పెట్టాడు. కానీ కోపం రాలేదు. ఏ చుట్టరికమూ లేని మనిషి తన బీరు బాగుండాలని దొంగతనంగా చక్కెర వేసి, డబ్బా గీకి మరీ గిన్నె నింపాడన్న మాట ఆయన్ని లోపలెక్కడో పట్టుకుంది. కళ్ళు తడిశాయి. బల్ల మీది జోళ్ళలో ఏది తనదో కనిపించక రెండూ పెట్టుకున్నారు.

ఈలోగా మీసాలాయన నాలుక మీసం మీద నురగని అందుకుంది. ఆయన ఒక్క క్షణం ఆగాడు. సీసా అడుగున మిగిలినది తన గ్లాసులోకి వంపుకుని, వెలుతురుకి పట్టి చూసి, ఒక గుక్క తాగాడు. గోడకేసి చూశాడు. చేదు వచ్చింది, ఉండాల్సినంతసేపు ఉంది, వెళ్ళిపోయింది. ఆయన గ్లాసు ఖాళీ చేశాడు, మూతి తుడుచుకున్నాడు, గ్లాసు ముందుకు చాపాడు.

"ఇంకోటి పొయ్యండి."

మాస్టారికి ఆ మాట ఇంకోసారి వినాలనిపించింది గానీ అడగడానికి సిగ్గేసింది. "తప్పకుండానండీ" అన్నారు. "అత్తయ్యగారు లేవాలి."

అత్తగారిని ఇద్దరు పట్టుకుని లేపారు. తడి తువ్వాలు చుట్టి, బకెట్లో పెట్టి, నలుగురూ నాలుగు వైపులా వంగి ఒక్కో సీసా తెరిచారు. సగం బకెట్‌కి, సగం గ్లాసులకి. మధ్యాహ్నం దాటేసరికి మీసాలాయన కుర్చీ తలుపు దగ్గరనుంచి బల్ల దగ్గరికి వచ్చేసింది. వెళ్తూ వెళ్తూ, ఈసారి డ్రమ్ము మొత్తం తన బార్‌కే కావాలన్నాడు. బోర్డు మీద "మాస్టారి పేల్ ఏల్" అని రాయిస్తానన్నాడు. "ఎవ్వరూ చెయ్యి పెట్టకూడదు. నాతో సహా" అని అందరిచేతా ఒట్టు వేయించి, తనూ వేశాడు.

మళ్ళీ సీసాలు పట్టే రోజు వచ్చింది. ఇల్లాలు ఆయన మీద నమ్మకం ఉంచాలని గట్టిగా అనుకుని పడకగది దాటి రాలేదు. అత్తగారు నాలుకని అదుపులో పెట్టుకుని వంటింటి వైపే చూడలేదు. మీసాలాయన వచ్చి, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని నిలబడి, అలాగే వెళ్ళిపోయాడు. మాస్టారికి మాత్రం ఈ ఒట్ల మీద నమ్మకం లేదు. వీళ్ళ మనసులు తనకి తెలుసు, ముగ్గురిలో ఎవరో ఒకరు ఆగలేక వేసే ఉంటారు, తను కూడా వేస్తే సీలింగు మిగలదని ముసిముసిగా నవ్వుకుంటూ మూతలు బిగించేశారు. మీసాలాయన బోర్డు రాయించాడు, పెట్టెలు బార్‌కి వెళ్ళాయి, ఒక్క సీసా కూడా పేలలేదు.

చక్కెర ఎవరూ వెయ్యలేదు.